అడుగుకు తగ్గ బంతి

"లేడీస్‌కి ఇదే ఇస్తామండీ," అంటూ రఘునందన్ అరలోంచి ఒక బంతి తీసి బాబీ చేతుల్లో పెట్టాడు. "పది పౌండ్లు. తేలిగ్గా ఉంటుంది. రంగు కూడా బాగుంటుంది."

దానిమ్మ గింజ రంగు బంతి. పైనుంచి లైటు పడి, లోపల ఎక్కడో దీపం ఉన్నట్టు మెరుస్తోంది. బాబీ దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. పక్కన నిలబడ్డ లీలాకుమారి దానికోసం రెండు చేతులూ చాపింది. రఘునందన్ ఆ చేతుల్ని చూడలేదు.

"మీ అమ్మగారికి మణికట్టు నొప్పి కూడా రాదు," అన్నాడు, మళ్ళీ బాబీతోనే.

"మా అమ్మ కాదండీ బాబూ. మా స్టూడియోలో సీనియర్. బంతి కొనేది ఆవిడే."

"అదేనండీ, ఆంటీ సంగతే చెబుతున్నా."

లీలాకుమారి బంతిని తానే తీసుకుని ఒకసారి ఎగరేసినట్టు చేసి పట్టుకుంది. "ఇది మరీ తేలికండీ. ఇక్కడ అందరికీ ఇచ్చే బంతుల్లో నేను పదమూడు పౌండ్లది వేస్తాను."

"అలవాటు లేక అలా అనిపిస్తుందిలెండి," అన్నాడు రఘునందన్ నవ్వుతూ. మనిషి చెడ్డవాడేం కాదు. జూబ్లీహిల్స్‌లో ఆ మాల్ పై అంతస్తులో, బౌలింగ్ సెంటర్ మూలన ఉన్న ఆ అద్దాల గదిలో రోజూ నిలబడి బంతులకు రంధ్రాలు వేస్తాడు. వచ్చేవాళ్ళలో ఎక్కువమంది మొగపిల్లలు. వాళ్ళతో వచ్చే ఆడవాళ్ళు బయట సోఫాలో కూర్చుని ఫోను చూసుకుంటారు. యాభై దాటిన మనిషి, నేత చీర కట్టుకుని, కొంగు బొడ్లో దోపుకుని, తనకే బంతి కావాలని రావడం అతనికి ఇదే మొదటిసారి.

లీలాకుమారి పని ఫిల్మ్‌నగర్‌లో. సినిమాలో హీరోయిన్ మెట్లు దిగుతుంటే చెప్పుల చప్పుడు వినిపిస్తుంది కదా, అది షూటింగులో దొరికేది కాదు. తర్వాత ఒక చీకటి గదిలో, తెర ముందు నిలబడి, ఎవరో ఆ అడుగులు వెయ్యాలి. ఆ ఎవరో లీలాకుమారి. పెళ్ళికూతుళ్ళకీ, దెయ్యాలకీ, లేడీ పోలీసులకీ, అందరికీ ఆమే నడుస్తుంది. పోయిన ఏడాది ఒక సినిమాకి, బంతి తగిలి సీసాల్లాంటి పిన్నులు పడే చప్పుడు రికార్డు చెయ్యడానికి బాబీతో ఇక్కడికి వచ్చి, పనయ్యాక సరదాగా ఒక బంతి విసిరింది. అప్పటినుంచి ఖాళీ దొరికిన పొద్దున్నల్లా వస్తోంది. సినిమా క్రాఫ్టులన్నీ కలిసి ఆడుకునే బౌలింగ్ పోటీ ఈ ఆదివారం ఉంది. సౌండ్ వాళ్ళ టీములో ఆమె పేరు ఇచ్చారు. అందరి వేళ్ళూ దూరే అద్దె బంతితో కాకుండా సొంత బంతితో ఆడాలని ఆమెకు పట్టుదల వచ్చింది.

"ఈ అర మీద రియాక్టివ్ అని రాసుంది, అంటే ఏంటో ఒకసారి చెప్పండి," అంది. "నాకు చెప్పండి, బాబీకి కాదు."

రఘునందన్ ఈసారి ఆమె వైపు తిరిగాడు. "బంతి దొర్లే లేన్ మీద ముందు భాగమంతా నూనె రాసి ఉంటుందండీ. చివర్లో ఉండదు. మీరు వేసే ప్లాస్టిక్ బంతి నూనె మీదా, పొడి మీదా ఒకేలా జారిపోతుంది. రియాక్టివ్ బంతి పైతొడుగు వేరు. పొడి తగలగానే పట్టుకుంటుంది, పట్టుకుని పక్కకి తిరుగుతుంది. అలా తిరిగి పిన్నుల మధ్యలోకి దూరితేనే అన్నీ పడతాయి."

"మరి ఆ నల్లది?"

పై అరలో ఉంది అది. మసక నలుపు, మధ్యలో నారింజ చారలు. మెరుపు లేదు.

"అది బాగా గట్టిగా పట్టుకునే రకమండీ. వేగంగా విసిరేవాళ్ళకి. అదిగో, ఆ అరవింద్ లాంటివాళ్ళకి." అద్దంలోంచి లేన్ల వైపు చూపించాడు. ఎత్తుగా ఉన్న కుర్రాడు ఒకడు ప్రాక్టీసు చేస్తున్నాడు. "మీకు ఆగదు."

"నేను వెయ్యడం మీరు ఎప్పుడైనా చూశారా?"

"చూడక్కర్లేదండీ, ఇన్నేళ్ళ అనుభవం..."

"వేసి చూసుకోవడానికి ట్రయల్ బంతులు ఉంటాయి కదా. రెండు రకాలూ పదమూడు పౌండ్లవి ఇవ్వండి. వేసి చూస్తాను."

ఆమె గొంతు పెరగలేదు. కానీ బాబీ చటుక్కున ఫోను తీసి వీడియో పెట్టాడు. లీలక్క ఆ గొంతుతో మాట్లాడిందంటే ఆ రోజు స్టూడియోలో డైరెక్టర్ కూడా కుర్చీలో సర్దుకుని కూర్చుంటాడని అతనికి తెలుసు.

ట్రయల్ బంతుల్లో బొటనవేలి రంధ్రానికి రకరకాల గొట్టాలు మార్చుకోవచ్చు. ఆమె వేలికి సరిపోయేది బిగించి ఇచ్చాడు రఘునందన్. లీలాకుమారి బౌలింగ్ బూట్ల లేసులు మళ్ళీ ఒకసారి బిగించుకుని, నల్ల బంతి ఎత్తుకుని, గీత దగ్గర నిలబడింది. రెండు లేన్ల అవతల అరవింద్ కూడా బంతి ఎత్తి గుండెకి ఆనించుకున్నాడు. అతను కదిలాడు. ఆమె కదిలింది.

బంతి కుడి అంచు వెంట దూసుకుపోయింది. ఇక లేన్ పక్క గాడిలో పడిపోతుందేమో అనుకునేంతలో ఎవరో చెయ్యి పట్టి లాగినట్టు లోపలికి తిరిగింది. పిన్నులన్నీ ఒక్కసారి పేలినట్టు ఎగిరాయి. స్ట్రైక్.

"ఆంటీ, జబర్దస్త్ ఏసిన్రు!" అని అరిచాడు అరవింద్ అక్కణ్ణుంచే.

ఇంకోటి వేసింది. అదీ అలాగే. తర్వాత దానిమ్మ రంగుది తీసుకుంది. అది నేరుగా పోయి, చివర్లో తిరగాలా వద్దా అని ఆలోచించి, ఓ పక్క పిన్నుల్ని రాసుకుంటూ వెళ్ళిపోయింది. సగం నిలబడే ఉన్నాయి.

రఘునందన్ బుర్ర గోక్కున్నాడు. "నా అంచనా తప్పిందండీ. మీకు నల్లదే."

"పదమూడు పౌండ్లు."

"పదమూడే."

అప్పుడు ఆమెను స్టూలు మీద కూర్చోబెట్టి చెయ్యి కొలవడం మొదలుపెట్టాడు. ఒక్కో వేలికీ ఒక్కో ఉంగరం లాంటిది తొడిగి చూశాడు. బొటనవేలి నుంచి నడిమివేలి కణుపు దాకా, మళ్ళీ ఉంగరపువేలి కణుపు దాకా పట్టీ పెట్టి చూశాడు. బొటనవేలు ఎంత వెనక్కి వంగుతుందో చూశాడు. ఇందాక ఆమెను చూడని మనిషి ఇప్పుడు ఆమె చేతిని తప్ప ఇంకేమీ చూడటం లేదు.

"స్టాకులో ఉన్నది పన్నెండు. పదమూడుది శుక్రవారానికి తెప్పిస్తా. శనివారం పొద్దున డ్రిల్ చేసి ఇచ్చేస్తా," అన్నాడు. "ఒక్క మాటండీ. రంధ్రాలు పడ్డాక వెనక్కి తీసుకోలేను. మీ చేతికి తప్ప ఇంకెవరి చేతికీ పనికిరాదు."

ఆ మాట ఆమెకు ఎంతో నచ్చింది. మెట్లు దిగుతూ బాబీతో మళ్ళీ అంది, "ఇంకెవరి చేతికీ పనికిరాదంట!" స్టూడియోలో ఆమె తొడిగే చెప్పులు అన్నీ ఇంకొకళ్ళవే.

*

రహమత్‌నగర్‌లో లీలాకుమారి వాళ్ళ ఇల్లు మూడో అంతస్తు. గంట నొక్కకముందే తలుపు తెరుచుకుంది. బల్ల మీద టీ పొగలు కక్కుతోంది.

ఆమె భర్త నర్సింహ ఒకప్పుడు లైట్‌మ్యాన్. మోకాళ్ళు అరిగాక పని మానేశాడు. ఇప్పుడు పక్క వీధి మోటర్లూ, మిక్సీలూ బాగుచేస్తూ, మధ్యాహ్నాలు నిద్రపోయి, సాయంత్రం టీ పెడతాడు.

"కొన్నవా బంతి?"

"కొన్నాను. నల్లది. ముందు నాకు ఆడపిల్లలు ఆడుకునే బంతి అంటగట్టబోయాడండీ. నేను ఊరుకుంటానా?"

"నువ్వేడ ఊకుంటవ్. గాయన పానం ఉన్నదా?"

"ఉంది. చివరికి ఆయనే తప్పు ఒప్పుకున్నాడు." టీ గ్లాసు రెండు చేతుల్తో పట్టుకుంది. "అయినా మీరు టీ ఎప్పుడు పెట్టారు? నేను వస్తున్నానని ఎలా తెలుసు?"

"కింద గేటు కాడ్నే ఎర్కైతది. గీ బిల్డింగ్‌ల అందరు ఎక్కుతరు మెట్లు. నీదొక్కటే గిట్లుంటది." నర్సింహ బల్ల మీద రెండు వేళ్ళు నిలబెట్టి నడిపించాడు. ఒక వేలు నిదానంగా, ఒక వేలు ఇంకా నిదానంగా. రెండో వేలు పెట్టినప్పుడల్లా దాన్ని చెక్క మీద కాస్త ఈడ్చాడు. ఠప్, స్స్. ఠప్, స్స్.

"నేను కాలు ఈడుస్తానా?"

"ఎడమ కాలు. లగ్గమైనప్పటి సంది ఈడుస్తనే ఉన్నవ్."

లీలాకుమారికి కోపం వచ్చింది. "ఒక్క అడుగు ఈడిస్తే మా దగ్గర టేకు పాడైపోతుంది తెలుసా? ఇన్ని సినిమాలు చేశాను. ఎవరైనా అన్నారా?"

"గాడ నువ్వు నడుస్తవా ఏంది? హీరోయిన్ నడుస్తది." ఆయన తన టీ పీల్చుకున్నాడు. "బిస్కెట్ కావాల్నా?"

*

మర్నాడు స్టూడియోలో పెద్ద పని. కథానాయిక ఒక ఆఫీసు వరండాలో కోపంగా నడిచి వెళ్ళి, మధ్యలో ఆగి, వెనక్కి తిరిగి వస్తుంది. లీలాకుమారి గాజులు తీసి బీరువా మీద పెట్టింది. బాగా ఉతికి మెత్తబడ్డ నూలు చీర తప్ప అక్కడ ఏదీ కట్టదు. కొత్త బట్ట గరగరలాడితే మైకు పట్టేస్తుంది. గది నేల మీద చాపల్లా పరిచి ఉన్నాయి రకరకాల నేలలు. పాలరాయి పలక, ప్లైవుడ్, ఇసుక పోసిన పళ్ళెం, ఇనుప జాలీ. గోడకి బూట్లూ, చెప్పులూ. ఆమె మడమ ఎత్తున్న జోడు తీసుకుని, మడమ కింద చిన్న తోలు ముక్క అతికించుకుని, పాలరాతి మీదకి ఎక్కింది.

తెర మీద అమ్మాయి కదిలింది. లీలాకుమారి నిలబడ్డ చోటే నడిచింది. కళ్ళు తెర మీద కాళ్ళనే కాదు, భుజాన్నీ చూస్తున్నాయి. అడుగు భుజంలో ముందు తెలుస్తుంది. అమ్మాయి ఆగింది, ఆమె ఆగింది. తిరిగింది, ఆమె మడమ మీద తిరిగింది. అద్దం అవతల బాబీ బొటనవేలు ఎత్తి చూపించాడు. మొదటి టేకే ఓకే.

మధ్యాహ్నం డబ్బాలు విప్పుకున్నాక బాబీకి సరదా పుట్టింది. "లీలక్కా, నీ స్ట్రైక్ పెద్ద స్పీకర్లలో విందాం ఆగు," అని ఫోను కన్సోలుకి తగిలించాడు.

గది నిండా బౌలింగ్ సెంటర్ వచ్చి కూర్చుంది. దూరంగా పాట, ఏసీ, ఎవరో పిల్లల నవ్వు. తర్వాత అడుగులు. తర్వాత బంతి చెక్క మీద దిగిన బరువు. తర్వాత పేలుడు.

"ఏం పడ్డాయే!" అన్నాడు బాబీ, నోట్లో ముద్దతో.

లీలాకుమారి చెయ్యి డబ్బాలోనే ఆగిపోయింది. "మళ్ళీ పెట్టు."

పెట్టాడు. ఆమె కళ్ళు మూసుకుని వింది.

"అరవింద్ అడుగులు ఏవి?"

"ఉన్నాయిగా. అదిగో, నీ వెనకాల పరిగెత్తుతున్నాడు, కనిపించట్లా?"

"కనిపించడం కాదు. విను. ఒక్క జత కాళ్ళే వినిపిస్తున్నాయి."

బాబీ ముద్ద మింగి, చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని ముందుకు వంగాడు. తెర మీద బొమ్మలో ఇద్దరు కదులుతున్నారు. చప్పుడు మాత్రం ఒకటే. నాలుగు త్వరపాటి అడుగులు, రెండు జతల బూట్లు ఒకదాని మీద ఒకటి అచ్చుగుద్దినట్టు. రెండో స్ట్రైక్ వీడియో పెట్టాడు. అలాగే ఉంది. దానిమ్మ రంగు బంతిది పెట్టాడు. అదీ అంతే.

హెడ్‌ఫోన్లు తీసి ఆమె వైపు తిరిగాడు. అతని మొహంలో నవ్వు మెల్లగా పాకింది. "అక్కా, నువ్వు అరవింద్‌కి డబ్ చేశావు!"

ఆమె నవ్వలేదు. తర్వాత నవ్వొచ్చింది, ఆపుకోలేకపోయింది. డబ్బా పక్కన పెట్టి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. 

"ఆ వేగం వాడిది," అంది. "ఆ వేగానికి నల్ల బంతి కుదిరింది. నాకు కాదు."

"మరి నీ వేగం ఎంత?"

లీలాకుమారి డబ్బాకి మూత పెట్టేసింది. తెర మీద ఎవరిని చూపించినా వాళ్ళ నడక చెప్పగలదు. తనని తెర మీద ఎవరూ చూపించలేదు.

లేచి వెళ్ళి రఘునందన్‌కి ఫోన్ చేసింది. "పదమూడుది రేపు వచ్చేస్తుందండీ ఆంటీ, శనివారం తెరవగానే మెషిన్ మీద పెట్టేస్తా," అన్నాడు అతను హుషారుగా.

"నేను వచ్చేదాకా మెషిన్ మీద పెట్టకండి. మళ్ళీ వేసి చూడాలి."

"మళ్ళీనా? అంత బాగా వేశారు కదండీ!"

"అది నేను కాదు," అంది లీలాకుమారి.  "వచ్చాక చెబుతా లెండి."

*

శనివారం పొద్దున నర్సింహ స్కూటర్ మీద దింపాడు. దింపి వెళ్ళిపోతాడనుకుంది. "నడు, నేను సుత జూస్త," అని మోకాళ్ళు పట్టుకుంటూ పైకి వచ్చాడు. బాబీ ముందే వచ్చి ఉన్నాడు. లేన్లన్నీ ఖాళీ. అరవింద్ ఒక్కడే కాఫీ కప్పు పక్కన పెట్టుకుని బంతి తుడుచుకుంటున్నాడు.

"బాబూ, నువ్వు కాసేపు వెయ్యకు," అంది లీలాకుమారి. "నువ్వు కదిలితే నేను పాడైపోతాను."

"నేనేం జేసిన ఆంటీ?" అని బిత్తరపోయాడు కుర్రాడు. బాబీ అతన్ని పక్కకి తీసుకెళ్ళి వీడియో చూపించి, చెవిలో కథంతా చెప్పాడు. కాసేపటికి అక్కణ్ణుంచి నవ్వులు వినిపించాయి.

రఘునందన్ చేతులు కట్టుకుని వెనక నిలబడ్డాడు. కొత్త నల్ల బంతి ఇంకా పెట్టెలోనే, రంధ్రాలు లేకుండా నున్నగా ఉంది. లీలాకుమారి ట్రయల్ నల్ల బంతి తీసుకుంది. గీత దగ్గర నిలబడింది. లేన్ ఖాళీగా, పొడుగ్గా, నూనె మెరుపుతో ముందు పరుచుకుని ఉంది.

కదిలింది. రెండో అడుగుకే తెలిసిపోయింది, అది మొన్నటి కథానాయిక కోపం. బంతి చేతిలోంచి ముందే జారి ధబ్బుమని పడింది. మళ్ళీ నిలబడింది. ఈసారి భుజాలు విరిచి వెళ్ళింది.

"గిది పోలీసామె నడక," అన్నాడు నర్సింహ వెనక నుంచి. "పోయిన యాడాది సినిమా."

"మీరు నోరు ముయ్యండి!"

మూడోసారి అసలు ఎలా నడవాలో ఆలోచించి నడిచేసరికి కాళ్ళు ఒకదానికొకటి తగులుకుని బంతి గాడిలోకి పోయింది. ఆమె తిరిగి వచ్చి బంతులు వచ్చే చోట నిలబడింది. మొహం ఎర్రబడింది. నూరుమంది నడకలు కాళ్ళలో ఉన్నాయి. ఒకటి కావాలంటే రావడం లేదు. రఘునందన్ గడియారం చూసుకోలేదు గానీ, మెషిన్ వైపు చూశాడు. ఇవాళ డ్రిల్ చెయ్యకపోతే రేపటికి బంతి లేదు.

అప్పుడు వెనక నుంచి చప్పుడు వచ్చింది. ఠప్, స్స్. ఠప్, స్స్.

నర్సింహ ప్లాస్టిక్ బల్ల దగ్గర కూర్చుని ఉన్నాడు. లేన్ వైపు చూడటం లేదు. రెండు వేళ్ళతో బల్ల మీద మెట్లెక్కుతున్నాడు.

ఆమె వింది. ఆ అడుగులకి తొందర లేదు. ఎవరినో చూడటానికి వెళ్తున్న అడుగులూ కావు, ఎవరి నుంచో పారిపోతున్నవీ కావు. సంచీలో కూరగాయలు పెట్టుకుని, ఇంటికి పోతే టీ ఉంటుందని తెలిసిన మనిషి అడుగులు. ఇలాంటివి తెర మీద కనిపిస్తే ఎంత సులువు, ఒక్క టేకులో చేసెయ్యొచ్చు, అనుకుంది. బంతి ఎత్తుకుంది. వేళ్ళు నడుస్తున్నాయి. ఆమె వాటితోపాటు నడిచింది.

కుడి, ఎడమ, కుడి. చివరి ఎడమ కాలు నేల మీద పొడుగ్గా జారింది, స్స్, మోకాలు వంగింది, చెయ్యి ఊగింది. బంతి చప్పుడు లేకుండా చెక్క మీదకి దిగింది.

నల్ల బంతి సగం దూరంలోనే తిరిగిపోయింది. ముందు పిన్నుని దాటి ఎడమ పక్కకి పోయి చివరి రెండింటిని తాకింది. మళ్ళీ అలాగే వేసింది. మళ్ళీ ముందే తిరిగిపోయింది.

"ఈ నిదానానికి అది ఆగలేదండీ, తొందరపడి పట్టేసుకుంటోంది," అన్నాడు రఘునందన్ ముందుకొచ్చి. అతని గొంతు మారింది. ఆమె కాళ్ళనే చూస్తున్నాడు. "ఇంకో బంతి, ఆ దానిమ్మ రంగుది, అదే అడుగుతో వెయ్యండి."

వేళ్ళు మళ్ళీ నడిచాయి. దానిమ్మ బంతి నూనె మీద నింపాదిగా పోయింది, పోయింది, ఇంకా పోయింది. చివర్లో పొడి తగలగానే వంగి పిన్నుల మధ్యలోకి దూరింది. రెండు పిన్నులు నిలబడి ఊగాయి. ఒకటి పడింది.

"ఇంకోసారి," అంది లీలాకుమారి. ఈసారి అన్నీ పడ్డాయి. పెద్ద పేలుడేమీ కాదు. అలమార తలుపు తీస్తే గిన్నెలు జారి పడ్డట్టు, ఒకటి తర్వాత ఒకటి.

రఘునందన్ ఆనందంగా చేతులు రుద్దుకున్నాడు. "నేను మొదటే చెప్పానండీ! ఆ రోజే ఈ బంతి మీ చేతిలో పెట్టా."

"బాబీ చేతిలో పెట్టారు," అంది ఆమె. "బంతి మీరు చెప్పిందే, ఒప్పుకుంటాను. కానీ మీరు నా అడుగు చూసి చెప్పలేదు. చీర చూసి చెప్పారు."

అతను చేతులు రుద్దుకోవడం ఆపాడు. అరవింద్ కాఫీ కప్పులోకి చూస్తూ నిలబడ్డాడు.

"నేనూ చూసుకోలేదు లెండి," అంది లీలాకుమారి. "మీ మీద కోపంతో ఆ నల్లదాన్ని పట్టుకున్నాను. ఇద్దరం ఒకటే."

"నిజమేనండీ," అన్నాడు రఘునందన్. మెడ మీద చెయ్యి పెట్టుకుని నవ్వాడు. "ఈసారి నుంచి ముందు లేన్ మీదకి పంపిస్తా, తర్వాతే అర దగ్గరికి. ఆ చివరి అడుగు ఎవరు నేర్పారండీ మీకు? అంత బాగా జారడం రావాలని మా కుర్రాళ్ళు నెలల తరబడి తంటాలు పడతారు."

"ఎవరూ నేర్పలేదు. అది మా ఇంట్లో తప్పు కింద లెక్క."

"నేను తప్పన్ననా?" అన్నాడు నర్సింహ. "గట్ల ఉంటదన్న. అంతే."

దానిమ్మ రంగులో పదమూడు పౌండ్లది గోడౌనులో ఒకటి ఉంది. రఘునందన్ స్వయంగా వెళ్ళి తెచ్చాడు. నల్లదాన్ని పెట్టెలోనే మూసి, దానికి రంధ్రం పడనందుకు ఊపిరి పీల్చుకుని, పక్కకి పెట్టాడు. పసుపు పెన్సిలుతో దానిమ్మ బంతి మీద గీతలు గీశాడు. మళ్ళీ ఆమె చెయ్యి అడిగి, బంతి మీద పరిచి, వేళ్ళ కణుపులు ఎక్కడ పడుతున్నాయో చూసుకున్నాడు. మెషిన్ తిరిగింది. రంధ్రంలోంచి సన్నటి ఎర్రటి పొట్టు చుట్టలు చుట్టలుగా లేచి అతని చొక్కా మీద పడింది. మామిడిపళ్ళ రసం కాలినట్టు ఏదో తియ్యని వాసన గదంతా నిండింది. అంచుల్ని గరుకు కాగితంతో రుద్ది, ఊది, తుడిచి ఇచ్చాడు.

లీలాకుమారి వేళ్ళు పెట్టింది. బొటనవేలు లోపలికి వెళ్ళి ఆగింది. బిగుతుగా లేదు, వదులుగా లేదు. చెయ్యి కిందికి వేలాడేసింది. బంతి వేలాడింది. గట్టిగా పట్టుకోవాల్సిన పనే లేకపోయింది.

"ఇంకెవరి చేతికీ పనికిరాదు కదండీ?" అంది.

"రాదండీ," అన్నాడు రఘునందన్.

*

ఆదివారం బౌలింగ్ సెంటర్ జాతరలా ఉంది. ఎడిటింగ్ వాళ్ళు ఒకే రంగు టీషర్టులతో వచ్చారు. మేకప్ వాళ్ళు డప్పు తెచ్చారు. ఆర్ట్ డిపార్ట్‌మెంట్ వాళ్ళు అట్టతో పెద్ద పిన్ను చేసి తెచ్చి గుమ్మంలో నిలబెట్టారు. చిన్న వేషాలకి వచ్చేవాళ్ళు, కెమెరా వాళ్ళు, డ్రైవర్లు, అందరూ అరుస్తున్నారు. బాబీ సమోసాలు పంచుతున్నాడు.

నర్సింహకి వెనక వరసలో పాత స్నేహితుడు వీరరాఘవయ్య దొరికాడు. ఆయన ఇంకో యూనిట్‌లో చాలాకాలం లైట్‌మ్యాన్. ఇద్దరూ లేన్లకి వీపు పెట్టి కూర్చుని, ఏ షూటింగులో ఏ జనరేటర్ కాలిపోయిందో చెప్పుకుంటున్నారు.

సౌండ్ వాళ్ళ వంతు వచ్చింది. లీలాకుమారి సంచీలోంచి బంతి తీసి మెత్తటి గుడ్డతో తుడిచింది. పక్క లేన్‌లో ఎడిటింగ్ కుర్రాడు ఒకడు బంతి పట్టుకుని తయారుగా ఉన్నాడు. వాడి భుజం కదిలింది. ఆమె కాలు దానంతట అదే లేవబోయింది.

ఆగింది. ఆ కుర్రాడు ధనధనమని పరిగెత్తి విసిరి, కేక పెట్టి, వెనక్కి వచ్చేదాకా నిలబడింది. డప్పు ఆగింది. ఎవరూ కదలని ఒక్క క్షణం దొరికింది. తెర లేదు. వేళ్ళ చప్పుడు లేదు. సాయంత్రం అయింది, మెట్లెక్కాలి, అంతే అనుకుని కదిలింది.

వెనక వరసలో వీరరాఘవయ్య చెబుతూనే ఉన్నాడు. "అప్పుడేమైందంటే, వర్షం మొదలైంది, కేబుల్ అంతా నీళ్ళలో..."

నర్సింహ చెయ్యి ఎత్తి ఆపాడు. వెనక్కి తిరగలేదు. తల మాత్రం ఒక పక్కకి వంచాడు.

"జర ఆగు," అన్నాడు. "మా లీల ఏస్తున్నది."